దోణిమలై దారిలో అంబాసిడర్, పద్మిని

"పాత కారు ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవాలంటే అంబాసిడర్ మేలా, పద్మిని మేలా?" అని ఈ బ్లాగు చదివేవాళ్ళు నన్ను తరచుగా అడుగుతుంటారు. రెండూ నడిపినదాన్నే అయినా, ఒకే రోజు ఒకే దారిలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది మాత్రం లేదు. పోయిన శ్రావణంలో ఒక ఆదివారం ఆ పని చేశాను. ఫలితాలు కింద రాస్తున్నాను. అయితే ఆ రోజు బయటపడ్డది బండ్ల సంగతి ఒక్కటే కాదు.

ఆ రెండు కార్లూ మా చిన్నాయన ఎర్రిసామివి. తెల్ల అంబాసిడర్ డీజిలుది, లేత నీలం పద్మిని పెట్రోలుది. రెండింటికీ ముప్పై ఏళ్ళు దాటాయి. గనులు జోరుగా నడిచిన కాలంలో చిన్నాయన హగరిలో సేద్యం చేస్తూనే, దోణిమలై గని ఆఫీసర్లకు ఈ బండ్లను అద్దెకు తిప్పేవాడు. ఆ జోరు తగ్గాక అద్దెలు ఆగిపోయాయి, డ్రైవర్లు వేరే పనులు చూసుకున్నారు. బండ్లు మాత్రం కొట్టం పక్కన రేకుల షెడ్డులో ఉండిపోయాయి. చిన్నాయనకు పిల్లలు లేరు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ అంబాసిడర్‌లోనే, హగరి ఏటి ఇసుకలో, స్టీరింగ్ పట్టుకోవడం నేర్పించాడు. ఇప్పుడు నేను బళ్ళారిలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఆయనకు అరవై ఎనిమిది.

ఒకరోజు ఫోన్ చేసి, "ఒక బండి అమ్మేస్తాండా పాపా. రెండిట్నీ సాకలేను. అంబాసిడర్‌ను ఇచ్చేస్తా" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. "పద్మినిని కాదా చిన్నాయనా? అంబాసిడర్ అంటే నీకు ప్రాణం గదా?"

"ఏం ప్రాణమో ఏమో. అది మొండికేసింది. స్టీరింగ్‌లో ఆట ఎక్కువైంది, బ్రేకు సరిగా పట్టదు, లైట్లు మసక. ముసల్దైపోయింది, ఇంగ దాంతో వేగలేను."

అమ్మేముందు రెండింటినీ ఒక్కసారి దోణిమలై దాకా తీసుకెళ్దామని నేనే అడిగాను. వెళ్ళేటప్పుడు ఆయన అంబాసిడర్, నేను పద్మిని. అక్కడ మార్చుకుని, వచ్చేటప్పుడు నేను అంబాసిడర్, ఆయన పద్మిని. ఎవరి అనుభవం వాళ్ళం చెప్పుకుని, ఏది ఉంచాలో అప్పుడు తేల్చుకుందామన్నాను. ఏ దారిలో, ఎన్ని గంటలకని ఆయన రెండుసార్లు అడిగాడు. తర్వాత "సరి, పోదాం" అన్నాడు.

ఉదయం ఆరుంబావుకు హగరి నుంచి బయలుదేరాం. ఆకాశం నిండా మబ్బు, కానీ వాన పడే మబ్బు కాదు. వారం రోజులుగా అలాగే కమ్ముకుని, పైరు మీద ఒక్క చుక్క రాల్చకుండా పోతోంది. ఏట్లో నీళ్ళు లేవు. చిన్నమ్మ గేటు దాకా వచ్చి, "నువ్వు ఎనకనే ఉండు పాపా, ఆయన్ను ఇడిసిపెట్టి ముందరికి పోవద్దు" అంది. పద్మిని ఎక్కడ ఆగిపోతుందోనని నా గురించే అంటోందనుకున్నాను.

హగరి పొలిమేర బంకులో రెండింటికీ ట్యాంకు నిండా పోయించాం. మైలేజీ సరిగా తెలియాలంటే అదొక్కటే దారి. మొదట ట్యాంకు నింపి, తిరిగొచ్చాక మళ్ళీ నింపి, రెండోసారి పట్టినంత ఖర్చయిందని లెక్క వేసుకోవాలి. హగరి నుంచి బళ్ళారి, కుడితిని, తోరణగల్లు, సండూరు మీదుగా దోణిమలైకి సుమారు ఎనభై కిలోమీటర్లు. హొసపేట రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటుంది. తోరణగల్లు నుంచి సండూరు వైపు తిరిగాకే ఖనిజం లారీలు, ఎర్రదుమ్ము, గుంతలు మొదలవుతాయి.

హైవే మీద పద్మిని హాయిగా పోయింది. తేలికైన బండి, స్టీరింగ్ రెండు వేళ్ళకే తిరుగుతుంది. గేరు స్టీరింగ్ పక్కనే ఉన్నా, వెన్నలో కత్తి దిగినట్టు పడుతుంది. అరవై దాకా ఏ ఇబ్బందీ లేదు, డెబ్బై దాటితే తలుపులు మోత మొదలుపెడతాయి. ముందు అంబాసిడర్ యాభై మీద నింపాదిగా పోతోంది. డీజిలు ఇంజను కదా, తొందరపెట్టినా వినదు. అయితే అది మెల్లమెల్లగా రోడ్డు మధ్యకు జరిగిపోతోంది. కుడివైపు నుంచి దాటబోయిన లారీవాడు రెండుసార్లు గట్టిగా హారన్ కొట్టాడు. హారన్ వినగానే బండి ఉలిక్కిపడ్డట్టు ఎడమకు తప్పుకునేది, మళ్ళీ కాసేపటికి మధ్యకు వచ్చేది. స్టీరింగ్‌లో ఆట ఎక్కువైందని చెప్పింది నిజమేనని నోటు పుస్తకంలో రాసుకోవడానికి గుర్తుపెట్టుకున్నాను.

ఏడున్నరకు కుడితినిలో ఆగి ఉగ్గాని బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, టీ పది. బొరుగులు మెత్తబడకుండా అప్పటికప్పుడు తాలింపు వేసి ఇచ్చింది హోటలామె. చిన్నాయన మిరపకాయ బజ్జీ అందుకోబోయి, పక్కనే ఉన్న నీళ్ళ గ్లాసును మోచేత్తో తోసేశాడు. నీళ్ళు ఆయన పంచె మీదే పడ్డాయి.

"యాడ పెట్టినావమ్మా గ్లాసు, ఆ మూలకు?" అని హోటలామెను కసిరాడు.

"ఎప్పుడూ పెట్టే తావులోనే పెట్టినా కదప్పా" అందామె, బల్ల తుడుస్తూ.

చిన్నాయన ఎవరినీ కసిరే మనిషి కాదు. రాత్రి నిద్ర పట్టలేదేమోననుకున్నాను.

తోరణగల్లు దగ్గర ఎడమకు తిరిగి కూరెకుప్ప దాటాక రోడ్డు పక్క చెట్లన్నీ ఒకే రంగు. ఆకు కూడా ఎరుపే. ఆ రోజు మబ్బు వల్ల ఆ ఎరుపు కూడా ఎండిన నెత్తురులా నల్లగా కనిపించింది. దూరంగా కొండలు మెట్లు మెట్లుగా కోసేసి ఉన్నాయి. ఇక్కడ అంబాసిడర్ గొప్పదనం తెలిసింది. గుంతల్లో పడి లేస్తున్నా ఊగుతూ పోతోంది తప్ప కుదుపు లేదు. వెనక నా పద్మిని మాత్రం ప్రతి గుంతనూ నా నడుముకు లెక్క అప్పజెబుతోంది.

సండూరు ఇంకా ఐదారు కిలోమీటర్లుందనగా ఎడమవైపు మట్టి రోడ్డు మీద నుంచి ఒకతను మోపెడ్ మీద వస్తున్నాడు. రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడుతున్నాయి. అతను నాకు చాలా ముందే కనిపించాడు. రోడ్డు మీదికి సగం వచ్చి, అంబాసిడర్ ఆగుతుందనుకున్నాడు. అది ఆగలేదు, నెమ్మదించనూ లేదు. నేను చెయ్యి తీయకుండా హారన్ నొక్కాను. ఆ మనిషి ఆఖరి క్షణంలో బండిని పక్కకు తిప్పి కాలువలోకి పడ్డాడు. అంబాసిడర్ ఇంకో యాభై గజాలు పోయి ఆగింది.

నేను పరిగెత్తేసరికి అతను లేచి నిలబడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఎర్రమట్టిలో పాలు పారుతున్నాయి. చిన్నాయన మెల్లగా నడిచొచ్చాడు.

"కండ్లు కనపల్లేదా నీకి? పెద్దమనిషివి, ఎట్ల తోల్తాండావు? ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుండారు నాకి!" అని అరిచాడతను.

"బ్రేకు పట్టలేదప్పా. పాత బండి. తప్పాయిపోయింది" అన్నాడు చిన్నాయన.

నా సీసాలో నీళ్ళతో గాయం కడిగి గుడ్డ కట్టాను. సండూరు ఆసుపత్రికి తీసుకెళ్తామంటే అతను రానన్నాడు. పాల డబ్బు చేతిలో పెడితే, తీసుకుని, చిన్నాయన ముఖంలోకి చూసి, "దేవుడున్నాడు, నేను బతికినా. ఇంగొకడు బతకడు" అని మోపెడ్ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు అప్పుడు ఒక విషయం తట్టింది. నేను వెనకే ఉన్నాను, కళ్ళు అంబాసిడర్ మీదే ఉన్నాయి. బ్రేకు పట్టకపోయినా, తొక్కితే వెనక ఎర్ర లైటు వెలగాలి. వెలగలేదు. బల్బు పోయుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

దోణిమలై ఎక్కుడు మీద పద్మిని తన జబ్బు చూపించింది. ఈ కారు పెట్రోలు పంపు ఇంజను వేడికి దగ్గరగా ఉంటుంది. మెల్లగా కొండ ఎక్కేటప్పుడు పెట్రోలు అందులోనే ఆవిరై ఇంజను ఆగిపోతుంది. చిన్నాయన కిందికి దిగొచ్చి, బానెట్ ఎత్తి, తడిగుడ్డను పంపు చుట్టూ చుట్టాడు. ఆయన తల ఇంకెటో తిప్పుకునే ఉన్నాడు. చేతులు మాత్రం ఏ గొట్టం ఎక్కడుందో వాటంతటవే తెలుసుకున్నాయి. "పది నిమిషాలు ఆగితే సరిపోతాది" అన్నాడు.

తొమ్మిదిన్నరకు టౌన్‌షిప్ చేరాం. గని లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరు, అక్కడికి బయటివాళ్ళు ప్లాన్ చేసుకోవద్దు. టౌన్‌షిప్ గేటు పక్కన చెట్ల కింద బండ్లు ఆపాం. పైన చల్లగా ఉంది, కొండల మీద మంచు దిగి పది అడుగుల దూరం కూడా మసగ్గా ఉంది. చిన్నాయన ఒక రాతి మీద కూర్చున్నాడు. నేను అంబాసిడర్ ఎక్కి, గేటు దగ్గరున్న గార్డును పిలిచి, "వెనక లైటు వెలుగుతోందేమో కొంచెం చూస్తారా?" అని బ్రేకు తొక్కాను.

"సరి ఇదె మేడమ్, బాగనే ఉండాది. రెండూ ఎర్రగా వెలుగుతాండాయి" అన్నాడు.

మళ్ళీ తొక్కాను. మళ్ళీ వెలిగాయన్నాడు. పెడల్ సగం కూడా దిగకముందే గట్టిగా నిలబడింది. స్టీరింగ్ అటూ ఇటూ కదిపాను. ఆ వయసు బండికి ఎంత ఆట ఉండాలో అంతే ఉంది. పాలమనిషి ముందు చిన్నాయన బ్రేకు తొక్కనేలేదు. ఎందుకంటే ఆ మనిషిని ఆయన చూడనేలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు దాచుకోను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. ఆయన పద్మిని తాళం తీసుకుని, "పోదామా?" అంటే, "పోదాం" అన్నాను. కొండ దిగేదాకా అద్దంలోనే చూస్తూ నడిపాను. అంబాసిడర్ దిగుడులో ఎంత భరోసాగా ఉంటుందో, రెండో గేరులో ఇంజనే బండిని ఎలా పట్టి ఉంచుతుందో రాయాలని వెళ్ళిన నాకు, వెనక నీలం బండి తప్ప ఏమీ గుర్తులేదు. మూడో మలుపులో అది రోడ్డు అంచు దాటి రెండు చక్రాలు మట్టిలో దించింది. నాలుగో మలుపులో ఎదురు లారీకి అడుగు దూరంలో తప్పింది. ఇక నావల్ల కాలేదు. కొండ దిగగానే లారీలను తూచే వేబ్రిడ్జి ఒకటి కనిపిస్తే, చెయ్యి బయటపెట్టి ఊపి, దాని ముందున్న ఖాళీ స్థలంలో ఆపాను. ఆయనా వచ్చి ఆపి, బండి దిగాడు.

"ఏమైంది పాపా? బ్రేకేనా?"

నేను ఆయన ఎడమ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. "చిన్నాయనా, నా తట్టు తిరగొద్దు. నేరుగా ముందరికే చూడు" అన్నాను. ఆయన చూశాడు. చెయ్యి చాపి, ఆయన చెవికి జానెడు దూరంలో పెట్టాను. "నా చెయ్యి యాడుండాది?"

ఆయన పెదవులు కదిలాయి. చెయ్యి మెల్లగా ముందుకు తెచ్చాను. దాదాపు ముక్కు ముందరికి వచ్చాక, "ఇప్పుడు కనపడతాండాది" అన్నాడు. తర్వాత రెండు చేతులతో ముఖం కప్పుకుని వేబ్రిడ్జి గది మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాదికి ముందర నుంచి. ముందరుండేది బాగనే కనపడతాది. పక్కన ఏముండాదో తెలీదు. గొట్టంలోంచి చూసినట్ల. కండ్లద్దాలాయన పెద్దాసుపత్రికి పొమ్మన్యాడు. పోలేదు."

"ఎందుకు పోలేదు?"

"పోతే బండి తోలొద్దంటారని." ముఖం మీంచి చేతులు తీసి అన్నాడు, "బండి ముసల్దైందంటే ఎవురూ ఏమీ అనరు పాపా. నేను గుడ్డోన్నైతాండానని ఎట్ల చెప్పుకునేది? నలభై ఏండ్లు జనాన్ని ఎక్కించుకోని తిరిగిన. ఒక్కరికి గీత పడనియ్యలే."

పొద్దున కాలువలో పడ్డ మనిషి ఇద్దరికీ గుర్తొచ్చాడనుకుంటాను. ఆయన తాళం నా వైపు చాపాడు. ఆయన చాపినచోట నేను లేను. పక్కకు జరిగి అందుకున్నాను.

బండ్లు రెండు, నడిపే మనిషి ఒక్కరు. వేబ్రిడ్జిలో ఉన్నాయన మంచివాడు. పద్మినిని లోపల పెట్టుకోమన్నాడు. చిన్నాయనను అంబాసిడర్‌లో ఎడమ సీట్లో కూర్చోబెట్టుకుని కూరెకుప్ప దాకా వచ్చాను. అక్కడ మా బండ్లు ఎప్పటినుంచో చూసే మెకానిక్ మాబుసాబు షెడ్డుంది. ఆయన పద్మినిని తీసుకొచ్చి మర్నాడు హగరి చేరుస్తానన్నాడు. చిన్నాయన బండి దిగలేదు. నేను మాబుసాబును పక్కకు పిలిచి, అంబాసిడర్ లైట్లు, స్టీరింగ్ గురించి అడిగాను.

"ఆ గాడీ బిల్‌కుల్ బాగుండాది అక్కా. స్టీరింగ్ బాక్సు పోయిన నెలే ఇప్పి చూసినా, ఏం లే. లైట్లు మసక అంటే బల్బులు మూడు తూర్లు మార్చినా. ఇంగా మసకనే అంటాండాడు అన్న." గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "నాకు అప్పుడే అనుమానం వచ్చిండె. అంత పెద్దాయన్ను కండ్లు చూపించుకో అని ఎట్ల అడిగేది, చెప్పు?"

మూడింటికి హగరి చేరాం. చిన్నాయన చేయి పట్టుకుని దించుతుంటే చిన్నమ్మ చూసి, వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది. తర్వాత వంటింట్లో నాతో, "రెండు నెల్ల నుంచి నేను ఆ బండ్లు ఎక్కడమే లేదు. నడుము నొప్పి అని చెప్తాండా. ఆయనకు చెప్పే ధైర్యం నాకూ లేకపాయె" అంది. అంటే మాబుసాబుకు అనుమానం, చిన్నమ్మకు భయం, నాకు ఆ పూట కళ్ళెదుటే సాక్ష్యం. ముగ్గురం మర్యాదకే నోరు మూసుకున్నాం. ఆ మర్యాద ఖరీదు ఆ పాలమనిషి ప్రాణం అయ్యుండేది.

ఆ వారంలోనే బళ్ళారిలో కంటి డాక్టరుకు చూపించాం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినిందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి రోజూ చుక్కలు వేసుకోవాలన్నారు. ఉగాదికే వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదన్నారు. ఆ మాట విన్నప్పుడు చిన్నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బయటికొచ్చాక, "ఇంగ తోలను" అని మాత్రం అన్నాడు.

ఇక మీరు అడిగినదానికి జవాబు. రానూపోనూ నూట అరవై కిలోమీటర్లకు అంబాసిడర్ పన్నెండు లీటర్ల డీజిలు తాగితే, పద్మినికి పదకొండున్నర లీటర్ల పెట్రోలు పట్టింది. డబ్బులో అంబాసిడర్‌కు పదకొండు వందలు, పద్మినికి ఇంకో వంద ఎక్కువ. ఊళ్ళో తిప్పుకోవడానికి, ఇరుకు సందుల్లో మలుపుకోవడానికి పద్మినే సులువు. కొండ ఎక్కితే అలుగుతుంది, వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు పట్టరు. అంబాసిడర్ బరువు, నెమ్మది, చేతులు నొప్పి పుట్టిస్తుంది. కానీ తలుపు వెడల్పు, సీటు ఎత్తు. చూపు తగ్గిన మనిషి తడుముకుంటూ అయినా తల తగలకుండా ఎక్కి దిగగలడు. మా ఇంటికి ఇప్పుడు కావలసింది అదే. అందుకే అమ్మింది పద్మినిని. అనంతపురం నుంచి ఒకాయన వచ్చి తీసుకెళ్ళాడు. అది గేటు దాటుతుంటే చిన్నాయన షెడ్డులో అంబాసిడర్ బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "దీని మీద లేనిపోని నింద ఏసినా పాపా" అన్నాడు.

ఇప్పుడు నెలకోసారి ఆయన్ను డాక్టరు దగ్గరికి అదే బండిలో తీసుకెళ్తున్నాను. ఒకప్పుడు నేను క్లచ్ తొక్కడం ఆలస్యమైతే అరిచిన మనిషి, ఇప్పుడు గేరు గరగరలాడినా ఏమీ అనడు. ముందరికే చూస్తూ కూర్చుంటాడు. ఆయన నాకు డ్రైవింగ్ నేర్పాడు, నేను ఆయనతో డ్రైవింగ్ మాన్పించాను. సరైన పనే చేశానని తెలుసు. తెలిసినా, ఆ మౌనంలో ఇరవై కిలోమీటర్లు నడపడం దోణిమలై ఎక్కడం కన్నా కష్టం.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు ఆరుకల్లా బయలుదేరండి, తొమ్మిది దాటితే లారీలు నిండిపోతాయి. అంతకన్నా ముఖ్యమైన సలహా ఒకటుంది. ఇంట్లో ఏళ్ళ తరబడి బండి నడిపిన పెద్దవాళ్ళు ఉన్నట్టుండి బండిలో తప్పులు చెప్పడం మొదలుపెడితే, మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు ఎడమ సీట్లో కూర్చుని వాళ్ళతో పది కిలోమీటర్లు వెళ్ళండి. రోడ్డును కాదు, వాళ్ళ కళ్ళను చూడండి. పక్కనుంచి వచ్చేది వాళ్ళు చూడటం లేదని అనిపిస్తే, ఆ మాట అదే రోజు, అక్కడే చెప్పండి.